పదకొండో నంబరు హెచ్చరిక ఎవరికి?

తుఫాను వస్తోందంటే మా ఇంట్లో ఒక వరస ఉంది. ముందు కొవ్వొత్తులు, అగ్గిపెట్టె. తర్వాత మంచినీళ్ళ బిందెలు. ఆ తర్వాత కందిపప్పు, ఉప్పు, పాలపొడి, అత్తయ్య మందులు. 2023 డిసెంబరు 4న కూడా అదే వరసలో అన్నీ సర్దుకుంటున్నాను. మా వారు చేలో ఉన్నారు. కోసిన వరి పనలు చేలోనే ఉన్నాయి మరి! నిజాంపట్నం రేవులో పదో నంబరు ప్రమాద సూచిక పెట్టారని టీవీలో చెబుతుంటే మా అత్తయ్య వక్కపలుకు నమలడం ఆపి, "పదితో సరా అమ్మాయ్, ఆ పైన ఇంకా ఉందా?" అని అడిగింది.

నాకు నవ్వొచ్చింది. "పదే ఆఖరు అత్తయ్యా. అంతకంటే ఏం ఉంటుంది?" అన్నాను.

తప్పు చెప్పాను. పదకొండు ఉంది. తర్వాత ఎప్పుడో చదివి తెలుసుకున్నాను. ఓడరేవుల్లో పెట్టే సూచికలు 1 నుంచి 11 దాకా ఉంటాయి. ఎనిమిది, తొమ్మిది, పది మహా ప్రమాదానికి గుర్తులు. పది అంటే తీవ్ర తుఫాను ఆ రేవు మీదుగానో, దాని పక్కగానో తీరం దాటుతుందని. మరి పదకొండు? వాతావరణ హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని! ఇక పైనుంచి కబురు రాదు, ప్రమాదం మాత్రం ఉందని అక్కడి అధికారి అనుకుంటున్నాడని! అంటే ఎంత పెద్ద గాలివాన అయినా పది దగ్గరే ఆగిపోతుంది. కబురు తెగిపోవడాన్ని మాత్రం దానికి ఒక మెట్టు పైన పెట్టారు. ఆ లెక్క వేసినవాళ్ళెవరో గానీ, ఇంట్లో కూర్చుని మనవాళ్ళ కోసం ఎదురుచూడటం అంటే ఏమిటో తెలిసినవాళ్ళే అయి ఉంటారు.

ఈ మాట అత్తయ్యకి చెబితే ఆవిడ ఆశ్చర్యపోలేదు. "అదేగా నేను చూసింది" అంది.

అత్తయ్య పుట్టిల్లు దివిసీమ, నాగాయలంక దగ్గర పల్లె. 1977లో కొత్త కోడలిగా పొన్నూరు వచ్చింది. ఆ ఏడు నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆవిడకి ఇరవై ఏళ్ళు. ఇక్కడ మాకూ గాలివాన బీభత్సమే. చెట్లూ కరెంటు స్తంభాలూ టెలిఫోను స్తంభాలూ అన్నీ నేలకి ఒరిగాయట. బాపట్ల వైపు ఇళ్ళు కూలాయని ఆ రెండో రోజుకే తెలిసింది. దివిసీమ గురించి మాత్రం ఎవరికీ ఏమీ తెలియదు. టెలిగ్రాము ఇద్దామంటే తీగలు లేవు. ఉత్తరం రాద్దామంటే పోయే బండి లేదు. "రేడియోలో చెబుతారేమో అని మీ మావయ్య రేడియో దగ్గరే కూర్చున్నాడే. సెల్లులు అయిపోతాయని వార్తల టైముకి పెట్టి, మళ్ళీ కట్టేసేవాడు" అని చెబుతుంది అత్తయ్య. అయిదు మీటర్లకి పైగా లేచిన నీరు ఊళ్ళకి ఊళ్ళనే ఊడ్చుకుపోయిందని, సొర్లగొంది లాంటి చోట్ల ఇంటికి ఒక్కరు మిగలడమే గగనమైందని, పదివేల మంది దాకా పోయారని తర్వాత తర్వాత పేపర్లలో వచ్చింది. ఆ మొదటి రోజుల్లో మాత్రం ఏమీ లేదు. వెంగళరావుగారి ప్రభుత్వానికే ఎంత ఘోరం జరిగిందో వెంటనే తెలియనప్పుడు ఇరవై ఏళ్ళ కొత్త కోడలికి ఎవరు చెబుతారు?

అయిదో రోజు మా తాతగారు, అంటే మా వారి తాతగారు, బయల్దేరారట. రేపల్లె దాకా కొంత బండి, కొంత నడక. పెనుమూడి రేవులో పడవ పట్టుకుని కృష్ణ దాటి పులిగడ్డ చేరారు. అప్పటికి అక్కడ వంతెన లేదు. అక్కణ్ణించి మళ్ళీ నడక. తిరిగొచ్చేసరికి ఇంకో అయిదు రోజులు. అత్తయ్య అమ్మా నాన్నా బతికారు. పన్నెండేళ్ళ తమ్ముడు దొరకలేదు.

"వాడు పోయాడన్న సంగతి తెలియకుండా పదిరోజులు నేను అన్నం తిన్నానే" అంటుంది అత్తయ్య. యాభై ఏళ్ళు కావొస్తోంది. ఇప్పటికీ ఆ మాటే అంటుంది. తమ్ముడు పోయిన దుఃఖం ఒక ఎత్తు, తెలియకుండా తిన్న ఆ పది రోజుల అన్నం ఇంకో ఎత్తు ఆవిడకి.

అప్పటికీ ఇప్పటికీ పోలికే లేదని మీరంటారు. నిజమే. మనవాళ్ళు ఏమీ నేర్చుకోలేదని నేను అనను. ఆ తర్వాత ఇన్‌శాట్-1బి ఉపగ్రహం సాయంతో మన కోస్తా ఊళ్ళలో హెచ్చరిక పెట్టెలు పెట్టారు. ఆకాశం నుంచి సంకేతం రాగానే పెట్టె తనంతట తానే సైరను మోగించి, తుఫాను సంగతి తెలుగులో చెప్పేది. నేల మీద తీగలు తెగినా దానికి ఇబ్బంది ఉండేది కాదు. 1990 మే 9న కృష్ణా తీరాన్ని కొట్టిన తుఫాను బలంలో 1977 నాటిదానికి తీసిపోయేది కాదు. అయినా పోయినవాళ్ళు వెయ్యి లోపు. లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే తరలించగలిగారు. ముందు రాగలిగిన ఒక్క కబురు ఎన్ని వేల ప్రాణాలు కాపాడుతుందో చెప్పడానికి ఇంతకంటే లెక్క అక్కర్లేదు.

అంటే తుఫానుకి ముందు కబురు అందించడం మనకి కొంత చేతనైంది. నా బాధంతా తుఫాను పడిన తర్వాతి కబురు గురించి.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్. మా చెల్లెలు అప్పటికి ఏడో నెల గర్భిణి, విశాఖపట్నంలో కాపురం. పొద్దున తొమ్మిదింటికి "గాలి మొదలైంది అక్కా, కిటికీలు కొట్టుకుంటున్నాయి" అని ఫోన్లో చెప్పింది. అంతే. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా అదే ఆడగొంతు, అదే చిలకపలుకు, అందుబాటులో లేరని. గంటకి 170, 180 కిలోమీటర్ల గాలి. విమానాశ్రయం పైకప్పు లేచిపోయిందని టీవీలో చూపించారు. ఊరంతా చెట్లు పడిపోయిన బొమ్మలు చూపించారు. ఆ బొమ్మల్లో మా చెల్లెలి వీధి కనిపిస్తుందేమో అని మా అమ్మ చేబ్రోలులో టీవీకి ముఖం ఆనించి కూర్చుంది. ఎంత విడ్డూరమో చూడండి. ఢిల్లీలో ఉన్నవాడికి విశాఖపట్నం కనిపిస్తోంది. కన్నతల్లికి కూతురి గొంతు వినపడటం లేదు!

సోమవారం పోయింది. మంగళవారం పోయింది. బుధవారం మధ్యాహ్నం మా అమ్మకి ఒక తెలియని నంబరు నుంచి ఫోను. "అమ్మా, మీ అమ్మాయి బాగుంది, భయపడొద్దని చెప్పమంది" అని చెప్పి, ఇంకేమీ మాట్లాడకుండా పెట్టేశాడతను. తర్వాత తెలిసింది. వాళ్ళ అపార్టుమెంటులో వాళ్ళందరూ ఒక కాగితం మీద ఇళ్ళవాళ్ళ నంబర్లు రాసి, తుని వైపు పోతున్న వ్యానుడ్రైవరుకి ఇచ్చారట. అతను సిగ్నలు వచ్చిన చోట బండి ఆపి, రోడ్డు పక్కన నిలబడి, ఒక్కొక్క నంబరుకీ చేశాడు. ఇరవై మూడు నంబర్లు! డబ్బులు తీసుకోలేదట. అతని పేరు కూడా మాకు తెలియదు. ఆ పూట మా అమ్మకి కోట్ల రూపాయల ఫోను కంపెనీలకంటే ఆ డ్రైవరే పెద్ద కంపెనీ.

ఇక మళ్ళీ 2023కి వస్తాను. మిచౌంగ్ తుఫాను డిసెంబరు 5 మంగళవారం మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. బాపట్ల అంటే మాకు పక్క ఊరే. హుద్‌హుద్‌తో పోలిస్తే గాలి తక్కువే, వాన ఎక్కువ. మా వీధి చివర ఫోను టవరుంది. కరెంటు ముందురోజు రాత్రే పోయింది. టవరు కింద జనరేటరు డుబడుబమని మోగుతూనే ఉంది. ఆ చప్పుడు మామూలు రోజుల్లో తలనొప్పి. ఆ రోజు మాత్రం జోలపాటలా ఉంది. సాయంత్రానికి ఆగిపోయింది. ఇక సిగ్నలు గీతలు ఒక్కొక్కటే తగ్గి, మాయమయ్యాయి.

టవరు ఎందుకు చచ్చిపోతుందో మీలో ఎంతమందికి తెలుసు? నాకు తెలియదు. గాలికి విరిగి పడితే పోతుందనుకున్నాను. మాది నిక్షేపంలా నిలబడే ఉంది. పక్కింటి కుర్రాడు ఆ పనిలోనే ఉన్నాడు, అతను విడమరిచి చెప్పాడు. టవరుకీ మనలాగే మూడు పూటలా తిండి కావాలి. కరెంటు పోతే బ్యాటరీలు కొన్ని గంటలు లాక్కొస్తాయి. ఆ తర్వాత డీజిలు. రోడ్ల మీద చెట్లు పడి, వాగులు పొంగితే డీజిలు తెచ్చే బండి రాదు. ఇది ఒక చావు. రెండోది, టవరు నుంచి మిగతా లోకానికి మాట మోసుకుపోయే తీగ. సన్నటి గాజుతీగ అట. చాలా చోట్ల కరెంటు స్తంభాల మీదుగా వేలాడుతూ పోతుంది. స్తంభం పడితే తీగ తెగుతుంది. అప్పుడు టవరుకి తిండి ఉన్నా నోరు ఉండదు. మూడోది మనమే! సిగ్నలు రాగానే ఊరంతా ఒకేసారి ఫోన్లు చేస్తాం. సందు గొందిలో పదివేల మంది ఒకేసారి దూరినట్టు. ఎవరికీ దారి దొరకదు.

ఇందులో ఒక్కటీ బ్రహ్మవిద్య కాదు. పెళ్ళికి వెయ్యి విస్తళ్ళ లెక్క వేసే ఇల్లాలికి, జనరేటరు గంటకి ఎంత డీజిలు తాగుతుందో, రెండు రోజులకి ఎన్ని డబ్బాలు కావాలో లెక్క వేయడం కష్టమా? తుఫాను వస్తోందని అయిదు రోజుల ముందే చెబుతున్నారు. ఆ అయిదు రోజుల్లో డబ్బాలు టవరు దగ్గరికి చేరాలి కదా! అదేమిటని మేం వాడే కంపెనీ వాళ్ళని తర్వాత ఫోన్లో అడిగాను. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం మేడమ్" అన్నారు. నాలుగుసార్లు అన్నారు. చింతించడానికి డీజిలు అక్కర్లేదు గదా.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. చేబ్రోలులో మా పుట్టింట్లో నల్ల టెలిఫోను ఉండేది. కరెంటు రెండు రోజులు లేకపోయినా అది మోగేది! చిన్నప్పుడు అదొక వింతలా ఉండేది నాకు. దానికి కరెంటు మనింట్లోంచి పోదు, ఎక్స్ఛేంజిలో ఉన్న పెద్ద పెద్ద బ్యాటరీల నుంచి ఆ రాగితీగ గుండానే వస్తుందని ఇప్పుడు తెలిసింది. తీగ తెగితే పోయేదే అనుకోండి. తెగనంత కాలం ఎక్స్ఛేంజి ఒక్కటీ బతికుంటే వీధంతా మాట్లాడుకోవచ్చు. ఇప్పుడు మా ఇంట్లో ఉన్నదీ ల్యాండుఫోనే, గోడకి తెల్ల పెట్టె, దానికి పచ్చదీపాలు. కరెంటు పోయిన మరుక్షణం దీపాలతో పాటే అదీ కళ్ళు మూసుకుంటుంది. పాతదే మంచిదని నేను అనడం లేదు, ఆ నల్ల ఫోను కోసం నాన్న ఎన్నేళ్ళు దరఖాస్తు పట్టుకుని తిరిగారో నాకు తెలుసు. కానీ మారుస్తున్నప్పుడు ఏం పోగొట్టుకుంటున్నామో ఒకరైనా చెప్పి ఉంటే బాగుండేది. చిన్న ఇన్వర్టరు ఉన్నవాళ్ళు ఆ తెల్ల పెట్టెని దానికి తగిలించుకోండి. ఫ్యాను సంగతి తర్వాత.

అసలు నన్ను ఈ వ్యాసం రాయమని పోరుపెట్టింది మాకు పాలు పోసే ఆమె కథ. పేరెందుకు లెండి. వాళ్ళ ఊరు అప్పికట్ల అవతల, వాగు పక్కన. భర్త ఆ సీజనులో గుంటూరు దగ్గర పత్తి జిన్నింగు మిల్లులో కూలికి పోయాడు. ఇంట్లో ఆమె, తొమ్మిదేళ్ళ కూతురు, రెండు గేదెలు, కౌలుకి చేసిన ఎకరంన్నర వరి. ఇంటికి ఫోను ఒక్కటే. అది మొగుడి జేబులో ఉంది.

తుఫాను జాగ్రత్తలు చెబుతూ నా ఫోనుకి మెసేజీలు వచ్చాయి. తెలుగులోనే, చక్కగా. ఆమెకి రాలేదు. ఎట్టా వస్తాయి? వాలంటీరు పిల్ల ఇంటికి వచ్చి చెప్పి పోయిందట గానీ, అప్పుడు ఈమె చేలో కూలీల చేత పనలు కుప్ప వేయిస్తోంది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి చీకటి, గాలి. వాగు ఎత్తుకుంటోందని ఎవరో అరుచుకుంటూ పోతే పిల్లని చంకనేసుకుని, గేదెల పలుపులు విప్పి, బడి దగ్గరికి పరుగెత్తింది. కుప్ప తడిసిపోయింది. ఒక గేదె పోయింది. ప్రాణాలు దక్కాయి.

అక్కడ గుంటూరులో ఆ మనిషి రెండు రోజులు పిచ్చివాడిలా తిరిగాడట. జేబులో ఫోను, నిండా చార్జింగు. ఎవరికి చేస్తాడు? భార్యకి ఫోను లేదు. ఊళ్ళో ఇద్దరు ముగ్గురి నంబర్లు ఉంటే వాళ్ళకి సిగ్నలు లేదు. చివరికి పొన్నూరు దాకా ఎట్టాగో వచ్చి, అక్కణ్ణించి నీళ్ళలో నడిచి ఊరికి చేరాడు. "నన్ను చూసి ఏడవడానికి బదులు తిట్టాడమ్మా, ఫోను చేయలేదేమని!" అని నవ్వుతూ చెప్పింది ఆమె. నాకు నవ్వు రాలేదు. 1977లో మా వారి తాతగారు నడిచిన నడకే ఇతనూ నడిచాడు. దూరం తక్కువ, అంతే తేడా.

మన రాష్ట్రంలో తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్న ఆడవాళ్ళు ఇంచుమించు సగం మందేనని 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. మిగతా సగానికి ఫోను అంటే మొగుడిదో కొడుకుదో. ఇప్పుడు కొత్త పద్ధతి వచ్చింది. ఏ ప్రాంతానికి ప్రమాదమో ఆ ప్రాంతపు టవర్ల కింద ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారిగా కీచుమని మోగి, హెచ్చరిక చూపిస్తాయి. 2023లో దేశమంతా పరీక్షించినప్పుడు వంటింట్లో ఫోను అరిచిన అరుపుకి నేను పోపుగరిటె కింద పడేసుకున్నాను. మంచి పద్ధతే. కానీ ఆ ఊరి టవరు కింద ఆ రోజు ఆ ఇంటి ఫోను లేదు. మగవాళ్ళు పనికోసం ఊరు దాటి పోయినప్పుడల్లా హెచ్చరికలు కూడా వాళ్ళ వెంటే పోతాయి. ఇంటి దగ్గర వాగు పక్కన ఉండేది ఆడవాళ్ళూ, ముసలివాళ్ళూ, పిల్లలూ. కాబట్టి ఫోనుకి పంపేశాం కదా అని అధికారులు చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. మైకు, గుడి గంట, మసీదు మైకు, చర్చి గంట, దండోరా, ఏది ఉంటే అది ఉండాల్సిందే. ఆ ఊరి డ్వాక్రా గుంపు లీడరు చేతిలో, ఏ ఇంట్లో ఫోను లేని ఆడమనిషి ఉందో రాసిపెట్టిన జాబితా ఉండాలి. ఎవరి వరి ఎంత మునిగిందో రాయడానికి పుస్తకాలు పట్టుకొస్తారు కదా, ఇది తుఫానుకి ముందు రాసుకుంటే ఏం పోయింది?

"ఫోను పోతే పోయింది, ముందు అన్నం, నీళ్ళు చూడాలి గానీ" అని మా వారు వాదిస్తారు. ఆయన అన్నదాంట్లో తప్పులేదు. కానీ అన్నం ఎక్కడికి పంపాలో తెలియాలన్నా కబురే కావాలి కదా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు డ్రోన్లతో మేడల మీదికి అన్నం పొట్లాలు పంపడం మనమంతా చూశాం. రోజుల తరబడి కరెంటు లేక, ఫోన్లు చార్జింగు అయిపోయి, రెండో అంతస్తులో బాలింత ఉందనీ ముసలాయనకి ఇన్సులిను కావాలనీ చెప్పుకునే దారి లేనివాళ్ళు ఎంతమందో! పడవలో పోతున్నవాళ్ళకి ఏ మేడ మీద ఏం అవసరమో ఎట్టా తెలుస్తుంది?

లోకంలో ఇతరులు ఏం చేస్తున్నారో కాస్త చూద్దాం. జపాను వాళ్ళకి 1995లో కోబె భూకంపం వచ్చింది. అందరూ ఒకేసారి ఫోన్లు చేసి లైన్లన్నీ బిగుసుకుపోయాయి. ఆ అనుభవంతో అక్కడి టెలిఫోను సంస్థ 1998లో 171 అనే నంబరు పెట్టింది. భూకంపం లాంటిది వచ్చినప్పుడు ఎక్కడి నుంచైనా, ఎవరి ఫోను నుంచైనా 171కి చేసి, మన ఇంటి నంబరు నొక్కి, "బాగున్నాం, బడిలో ఉన్నాం" అని చెప్పి పెట్టేయవచ్చు. మన ఇంటి నంబరు తెలిసిన చుట్టం ఎవరైనా తర్వాత అదే 171కి చేసి ఆ మాట వినవచ్చు. ఇద్దరూ ఒకే సమయంలో ఫోను దగ్గర ఉండాల్సిన పనిలేదు. మా చెల్లెలి అపార్టుమెంటు వాళ్ళ కాగితమూ, ఆ వ్యానుడ్రైవరూ చేసిన పనే ఇది, కాకపోతే టెలిఫోను సంస్థ చేతుల మీదుగా. ప్రతి ఏడూ తుఫాను తగిలే మన కోస్తాకి ఇలాంటి నంబరు ఒకటి ఎందుకు ఉండకూడదు? తెలుగులో, బొటనవేలితో నొక్కగలిగినంత తేలిగ్గా?

ఇంకో సంగతి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు భారతి ప్రసాద్ అనే ఆవిడ అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నారు. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున హామ్ రేడియో పెట్టుకుని ప్రపంచంలో ఉన్న తోటి రేడియో వాళ్ళతో మాట్లాడటానికి వెళ్ళిన బృందానికి ఆవిడే నాయకురాలు. భూమి కదిలింది, ఫోన్లు పోయాయి. ఆవిడ సరదా పని పక్కనపెట్టి, అదే రేడియోని అక్కడి అధికారులకీ బయటి ప్రపంచానికీ మధ్య వారధిగా మార్చారు. బృందంలోని వాళ్ళు కార్ నికోబార్ దాకా వెళ్ళి అక్కణ్ణించీ కబుర్లు పంపారు. ఎన్నో కుటుంబాలకి తమవాళ్ళ క్షేమం ఆ రేడియో మీదనే తెలిసింది. ఒక పెట్టె, ఒక కారు బ్యాటరీ, పైన కట్టడానికి ఒక తీగ. టవరూ అక్కర్లేదు, కంపెనీ అక్కర్లేదు. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుంటే చాలు.

ఇది చదివినప్పటి నుంచి నాకు ఒకటే ఆలోచన. మన మండలానికి ఇద్దరు ఆడవాళ్ళకి ఈ శిక్షణ ఇస్తే? జహీరాబాదు దగ్గర మాచనూరులో 2008 నుంచి సంఘం రేడియో నడిపింది పొలం పనులు చేసుకునే దళిత స్త్రీలే. రికార్డింగూ వాళ్ళదే, మాటా వాళ్ళదే. పొదుపు సంఘాల లెక్కలు వేళ్ళ మీద చెప్పే మన డ్వాక్రా ఆడవాళ్ళకి రేడియో మీట నొక్కడం రాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కుట్టుమిషన్ల శిక్షణే ఎన్నాళ్ళిస్తారు?

ఒక కంపెనీ టవరు చచ్చిపోతే పక్క కంపెనీ టవరు మీద మన ఫోను పనిచేసేలా ఇటీవలి తుఫానుల్లో టెలికాం శాఖ ఏర్పాటు చేస్తోంది. చాలా మంచి పని. మామూలు రోజుల్లో వాళ్ళు వాళ్ళు ఎంత పోటీ అయినా పడనివ్వండి, తుఫాను రోజున మాత్రం ఇరుగుపొరుగులా ఉండాలి కదా. అయితే అది ముందుగానే, గాలి మొదలవకముందే జరగాలి. ఊళ్ళో వాళ్ళకి తెలియాలి కూడా. సిగ్నలు లేదని ఫోను గూట్లో పడేసిన మా పిన్నికి, సెట్టింగుల్లోకి వెళ్ళి పక్క నెట్‌వర్కు ఎంచుకోవచ్చని ఎవరు చెప్పారు? మన కంపెనీ సిగ్నలు లేకపోయినా 112కి చేస్తే, అందుబాటులో ఉన్న ఏ కంపెనీ టవరు మీదైనా ఆ కాల్ పోతుందని ఎంతమందికి తెలుసు?

మన వంతు పనులూ కొన్ని ఉన్నాయి. నేను చేసుకున్నవి చెబుతాను, నచ్చితే చేసుకోండి. పది నంబర్లు కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి బియ్యం డబ్బాలో దాచాను. ఫోను చచ్చిపోతే మా అమ్మ నంబరు కూడా నాకు నోటికి రాదని మిచౌంగ్ రాత్రి తెలిసి సిగ్గేసింది మరి. ఒకప్పుడు నలభై నంబర్లు నోటికి వచ్చేవి! సిగ్నలు లేనప్పుడు ఫోను ఊరికే వెతుక్కుంటూ చార్జింగు తాగేస్తుంది కాబట్టి విమానం బొమ్మ నొక్కి ఉంచి, గంటకోసారి తీసి చూస్తాను. సిగ్నలు వస్తే కాల్ చేయను, రెండు ముక్కలు మెసేజీ పెడతాను. కాల్‌కి దారి దొరకనప్పుడు కూడా మెసేజీ సందు చూసుకుని దూరిపోతుంది. బంధువులందరికీ విడివిడిగా చెప్పకుండా హైదరాబాదులో ఉన్న మా వదినకి ఒక్కదానికే చెబుతాం, అక్కణ్ణించి అందరికీ ఆవిడే చెబుతుంది. మొదట్లో "నేనేమన్నా మీ టెలిఫోను ఆపరేటరునా?" అని విసుక్కుంది గానీ, 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం వైపు తీరం దాటినప్పుడు ఆవిడ తెల్లారేదాకా మేలుకుని అందరి కబురూ అందరికీ చేర్చింది.

చిన్న ట్రాన్సిస్టరు కూడా కొన్నాను. కొట్టువాడు పైనుంచి దుమ్ము దులిపి ఇస్తూ "ఇంకా ఎవరు వింటారండీ ఇది?" అన్నాడు. అత్తయ్యకి ఇచ్చాను. మొంథా రాత్రి కరెంటు పోయాక విజయవాడ కేంద్రం వార్తలు దాంట్లోనే విన్నాం. వార్తలు అయిపోగానే ఆవిడ టక్కున కట్టేసింది. "ఉండనీ అత్తయ్యా, పాటలొస్తాయి" అన్నాను. "సెల్లులు అయిపోతాయే" అంది.

పాలు పోసే ఆమెకి కిందటేడు కొడుకు వరస కుర్రాడెవరో పాత బటను ఫోను ఇచ్చాడు. ఆమె నంబరూ నా కాగితం మీద పదకొండోదిగా రాసుకున్నాను. మొంథా హెచ్చరికలు మొదలైనప్పుడు ముందుగా ఆమెకే చేశాను. పోలేదు. మర్నాడు పాలకి వచ్చినప్పుడు అడిగితే, "రీఛార్జి అయిపోయి నెలయిందమ్మా, ఆయన ఫోనుకి వేయించేసరికే సరిపోతోంది" అంది. ఆ రోజే వేయించాను. అది ఇరవై ఎనిమిది రోజులకే అయిపోతుందట. తుఫానులు మాకు మే నెలలోనూ వస్తాయి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకానూ వస్తాయి. డబ్బు కట్టినా కట్టకపోయినా ఆ నెలల్లో ఆ ఊళ్ళలోని ఆడవాళ్ళ ఫోన్లు మోగేలా ఉంచడానికి కంపెనీలకి ఎంత ఖర్చవుతుందో, లెక్కలు వచ్చినవాళ్ళెవరైనా కాస్త వేసి చెబుతారా?